ఒక డ్రమ్ సెట్టు, నలుగురు డ్రమ్మర్లు: స్టేజీ పంచుకోవడం ఎలా

కాలేజీ ఫెస్టు కావచ్చు, గచ్చిబౌలి వైపు పబ్బులో ఆదివారం సాయంత్రం కావచ్చు. పోస్టరు మీద నాలుగు బ్యాండ్ల పేర్లుంటాయి, స్టేజీ మీద డ్రమ్ సెట్టు మాత్రం ఒక్కటే. గిటారిస్టులకు ఈ తంటా లేదు. కేబుల్ పీక్కుని దిగిపోతారు, వచ్చినవాడు తన కేబుల్ పెట్టుకుంటాడు. మన డ్రమ్మర్లకు అలా కాదు. నాలుగైదు డ్రమ్ములు, వాటి మధ్య స్టాండ్లు, చుట్టూ ఏడెనిమిది మైకులు. అదంతా దింపి ఇంకో సెట్టు ఎక్కించి, మళ్ళీ మైకులు పెట్టి సౌండ్ సరిచూసుకోవాలంటే అరగంట ఎటు పోయిందో తెలియదు.

ఆరుబయట ప్రోగ్రాం అయితే లెక్క ఇంకా బిగుతు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట స్పీకర్లు మోగకూడదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. మీ ఫెస్టు ఆ 15లో ఉంటుందని ఆశ పెట్టుకోకండి. సాయంత్రం ఆరున్నరకు మొదలైతే చేతిలో ఉన్నవి 210 నిమిషాలు. నాలుగు బ్యాండ్లు తలా 40 నిమిషాలు వాయిస్తే 160. మధ్యలో మూడు మార్పులు, ఒక్కోదానికి 15 చొప్పున 45. మొత్తం 205. మిగిలింది ఐదే నిమిషాలు. ముఖ్య అతిథి గారి ప్రసంగం ఇందులో కలపలేదు.

కాబట్టి ఏ పనికైనా నేను చూసే కొలత ఇదొక్కటే: డ్రమ్ముల దగ్గర మనం పోగొట్టిన నిమిషాలు చివరి బ్యాండు పాటల్లోంచి కోసేస్తారు. ఆ నిమిషాలు ఎలా మిగల్చాలో వరసగా చెప్తాను.

రెండు రోజుల ముందే ఫోను చేయండి

సగం పని ఇక్కడే అయిపోతుంది. ఆర్గనైజర్ని అడిగితే "అన్నీ ఉన్నాయి బ్రో, మీరు వచ్చేయండి" అంటాడు. ఆ "అన్నీ"లో కూర్చునే స్టూలు ఉండకపోవచ్చు. అతన్ని వదిలేసి మిగతా బ్యాండ్ల డ్రమ్మర్ల నంబర్లు తీసుకోండి, నలుగురూ ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి. సెట్టు ఎవరిదో వాళ్ళతో నేరుగా మాట్లాడండి. వయసులో పెద్దవాడైతే ఇలా మొదలుపెట్టొచ్చు:

"అన్నా, శనివారం మీ సెట్టు మీదే అందరం వాయిస్తున్నామట. స్నేర్, సింబల్స్, పెడల్ నావి నేను తెచ్చుకుంటా. మీ దగ్గర సింబల్ స్టాండ్లు ఎన్ని ఉన్నాయన్నా? స్టూలు ఉందా? కిక్ ఎంత సైజు?"

ఈ నాలుగు ముక్కలతో మీరు పద్ధతి తెలిసినవాళ్ళని ఆయనకు అర్థమైపోతుంది. మామూలుగా ఉన్న ఒప్పందమూ ఇదే. కాలితో వాయించే పెద్ద డ్రమ్ము కిక్, దాని మీదుండే టామ్‌లు, నేల మీద నిలబడే ఫ్లోర్ టామ్, స్టాండ్లు అందరివీ. మోకాళ్ళ మధ్య ఉండే డ్రమ్ము స్నేర్, పళ్ళేల్లాంటి సింబల్స్, కిక్‌ని కొట్టే పెడల్, స్టిక్స్ ఎవరివి వాళ్ళవి. కారణం ఖరీదు ఒక్కటే కాదు. స్నేర్ బిగింపు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉండాలి. పెడల్ స్ప్రింగ్ ఎంత గట్టిగా ఉండాలో పాదానికి అలవాటైపోయి ఉంటుంది, అది మారితే మొదటి రెండు పాటలు కాలు తడబడుతూనే ఉంటుంది. ఇక సింబల్ పగిలిందంటే పగిలినట్టే, అతికించేది కాదు. ఎవరి దెబ్బకు పగిలిందో తేల్చడం అంతకన్నా కష్టం.

అడగాల్సినవి ఇంకో రెండున్నాయి. ఒకటి, ఎడమచేతివాటం వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉంటే హై-హ్యాట్ అనే జంట సింబల్స్, రైడ్ అనే పెద్ద సింబల్, ఫ్లోర్ టామ్ అన్నీ అటువి ఇటు మారాలి, వాటితో పాటు మైకులూ మారాలి. ఆ బ్యాండుని మొట్టమొదటగానో, ఆఖర్నో పెట్టించండి. మధ్యలో పెడితే తిప్పడం ఒకసారి, తిరిగి మామూలుగా పెట్టడం ఇంకోసారి. రెండోది, రెండు కాళ్ళతో కిక్ వాయించే డబుల్ పెడల్ ఎవరికి కావాలి? దాని రెండో పెడల్‌కి హై-హ్యాట్ స్టాండు పక్కన చోటు ఉండాలి. స్టాండుకి మూడు కాళ్ళుంటే వాటిని కొంచెం తిప్పి సర్దాలి. రెండే కాళ్ళున్న స్టాండైతే బాధ లేదు. మెటల్ బ్యాండు ఒక్కటి ఉన్నా ఈ ప్రశ్న తప్పదు.

డబ్బు మాట కూడా ఫోన్లోనే తేల్చండి, స్టేజీ వెనక కాదు. సెట్టు అద్దెకు తెప్పిస్తే గొడవ లేదు, ఆర్గనైజర్ కడతాడు. తోటి డ్రమ్మరు తన ఇంటి నుంచి తెస్తుంటే మాత్రం ట్రాలీ ఆటో కిరాయి అయినా అతనికి రావాలి. ఆర్గనైజర్ ఇవ్వనంటే మిగతా ముగ్గురూ పంచుకోండి. తోలు చిరిగితే ఎవరు కట్టాలన్నదీ ముందే అనుకోండి. నా మట్టుకు నేను వాయిస్తుండగా చిరిగితే నాదే ఖర్చు. అది పాతబడి చిరగడానికి సిద్ధంగా ఉందా లేదా అన్న వాదన పెట్టుకోను. తోలు అంటున్నాను గానీ అది ప్లాస్టిక్ హెడ్డేనని మీకూ తెలుసు, నోటికి అలవాటు.

సంచిలో ఏం ఉండాలి

పెద్ద వస్తువులు ఎవరూ మర్చిపోరు. కొంప ముంచేవి చిన్నవి. డ్రమ్ములు బిగించే డ్రమ్ కీ రెండు పెట్టుకోండి, ఒకటి ఎవరో ఒకరు అడిగి తీసుకుంటారు. సింబల్ కింద, పైన వేసే ఫెల్టులు, మధ్యలో తొడిగే ప్లాస్టిక్ గొట్టాలు, రెక్కల నట్లు ఒక చిన్న డబ్బాలో వేసుకోండి. నట్ల మర అన్ని స్టాండ్లకూ ఒకటి కాదు. కొన్నిటికి 6 మిల్లీమీటర్లు, కొన్నిటికి 8. రెండు రకాలూ తలా రెండు ఉంచుకుంటే నిశ్చింత.

హై-హ్యాట్ పై సింబల్‌ని రాడ్డుకి పట్టి ఉంచే క్లచ్ మీది మీరు తెచ్చుకోండి. ఇది చాలామంది పట్టించుకోరు. పై సింబల్‌కి క్లచ్ ఇంట్లోనే బిగించి సంచిలో పెట్టుకుంటే స్టేజీ మీద రాడ్డుకి తొడిగి ఒక మర తిప్పితే చాలు. స్టాండుతో వచ్చిన క్లచ్‌నే అందరూ వాడితే మార్పు జరిగిన ప్రతిసారీ ఆ చీకట్లో కింది నట్టు విప్పాలి, అది రైజర్, అంటే డ్రమ్ముల కింది ఎత్తు వేదిక, సందులోకి జారిపోతుంది.

స్టేజీ మీద వాడే గుడ్డ టేపు, గాఫర్ టేపు అంటారే అది, చిన్న టార్చి, తువ్వాలు, చెవి ప్లగ్గులు, సరిపడా స్టిక్స్, స్నేర్ కింది తీగల్ని పట్టి ఉంచే తాడో ప్లాస్టిక్ పట్టీయో ఒకటి. స్నేర్ స్టాండు కూడా మీదే తెచ్చుకోగలిగితే తెచ్చుకోండి. బరువే, ఒప్పుకుంటాను. కానీ స్నేర్‌ని స్టాండుతో సహా ఎత్తి పెట్టి, ఎత్తి తీసుకెళ్ళొచ్చు. ఎత్తు, వంపు ఇంట్లో పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి.

పెడల్ విషయంలో ఒక చిన్న లెక్క. మీ ఇంట్లో కిక్ 22 అంగుళాలై, అక్కడ 20 అయితే దాని మధ్య బిందువు దాదాపు అంగుళం కిందికి ఉంటుంది. పెడల్ చివర కిక్‌ని తాకే బీటర్‌ని అంత మేర దించుకోవాలి. చెక్క బీటరో ప్లాస్టిక్ బీటరో అయితే సెట్టు యజమానిని అడగండి. హెడ్డు మీద దెబ్బ కాచే ప్యాచ్ లేకపోతే ఫెల్ట్ వైపు తిప్పుకోవడం మర్యాద.

సౌండ్ చెక్ వెనక నుంచి ముందుకు

ఆఖరున వాయించే బ్యాండు ముందుగా సౌండ్ చెక్ చేయాలి, మొదట వాయించేది ఆఖర్న. అలా చేస్తే చెక్ అయిపోయేసరికి స్టేజీ మీద ఉన్నది మొదటి బ్యాండు సెట్టింగే, దాన్ని కదపక్కర్లేదు. పెద్ద బ్యాండుకి గౌరవంగానూ ఉంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుని వాళ్ళే ఆలస్యంగా వస్తారన్నది వేరే సంగతి. వాళ్ళ కోసం ఆగకండి, మీది మీరు చేసుకోండి.

సెట్టు ఎలా పేర్చాలో తేల్చేది ఈ సమయంలోనే. నలుగురిలో పొడుగు, పొట్టి ఉంటారు. టామ్‌లు అందరికీ సగం సగం నచ్చే ఎత్తులో పెట్టి, వాటిని ఇక ముట్టుకోకూడదని ఒప్పుకోండి. కదిపే హక్కు స్టూలు, స్నేర్, సింబల్ స్టాండ్ల ఎత్తు, ఈ మూడింటికే ఉంచండి. ఇది వినడానికి కఠినంగా ఉంటుంది, కానీ టామ్ కదిపితే దాని మైకూ కదులుతుంది, మిక్సర్ దగ్గరుండే సౌండ్ అన్న పడ్డ అరగంట కష్టం వృథా. రెండంగుళాల పొరపాటుకి మీ చేయి సర్దుకుంటుంది, మైకు సర్దుకోదు.

కిక్‌ని అసలు జరపొద్దు. మైకు దాని ముందు హెడ్డుకున్న కన్నంలోంచి లోపలికి వెళ్ళి ఉంటుంది. స్నేర్ మైకు, మన దగ్గర ఎక్కువగా కనిపించే ఎస్ఎం 57, రిమ్ముకు రెండు వేళ్ళ ఎత్తులో నిలబడి ఉంటుంది. ఒకరి స్నేర్ 5 అంగుళాల లోతు, ఇంకొకరిది ఆరున్నర అయినా పై అంచు నేల నుంచి ఒకే ఎత్తులో ఉంటే ఆ మైకు ముట్టుకోనక్కర్లేదు. నలుగురూ ఆ ఎత్తు మీద రాజీ పడండి, మీ స్టాండు గొట్టం మీద టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి.

చెక్ అయ్యాక కార్పెట్ మీద ఒక్కొక్కరూ ఒక్కో రంగు టేపుతో స్టూలు, స్టాండ్ల కాళ్ళ దగ్గర గుర్తులు వేయండి. ఫోన్లో రెండు ఫోటోలు తీసుకోండి, ఒకటి స్టూలు మీద కూర్చుని కళ్ళకు కనిపించినట్టు, ఒకటి పక్క నుంచి. స్టాండ్ల గొట్టాల మీద ఇనుప కాలర్లు, మెమరీ లాక్ అంటారే, అవి యజమానివి. డ్రమ్ కీ చేతిలో ఉంది కదా అని వాటి జోలికి వెళ్ళకండి. ఆయన ఇంటికెళ్ళి మళ్ళీ తన ఎత్తులన్నీ వెతుక్కోవాలి. డ్రమ్ముల ట్యూనింగూ అంతే. ఫ్లోర్ టామ్ బొయ్యిమని మోగుతుంటే ముందు అడగండి, ఒప్పుకుంటే టిష్యూ మడిచి టేపుతో అంటించండి, దిగేటప్పుడు తీసేయండి.

సౌండ్ అన్న "కిక్" అంటే కిక్ మాత్రమే కొట్టండి. సమంగా, ఆగి ఆగి, పాటలో ఎంత గట్టిగా కొడతారో అంతే గట్టిగా. మీ రోల్స్ వినాలని ఆయనకేం లేదు. డిజిటల్ మిక్సర్ అయితే ఒక్కో బ్యాండు సెట్టింగునూ సేవ్ చేసి పెట్టుకోగలరు, చేయమని అడగండి.

మార్పు జరిగే పదిహేను నిమిషాలు

పెళ్ళి భోజనాల్లో రెండో బంతివాళ్ళు మొదటి బంతివాళ్ళ కుర్చీల వెనక నిలబడతారు చూడండి, ఆఖరి పాట నడుస్తుండగా సింబల్ సంచితో అలా వెళ్ళి డ్రమ్మరు వెనక నిలబడొద్దు. అతనికి కంగారు, చూసేవాళ్ళకి చికాకు. మీరుండాల్సింది స్టేజీ పక్కన. అక్కడ నేల మీద తువ్వాలు పరిచి, మీ సామాను ఎక్కించే వరసలో పేర్చుకోండి. పెడల్‌కి బీటర్ బిగించి, స్నేర్ స్టాండు మీద కూర్చోబెట్టి, క్లచ్ సింబల్‌కి తగిలించి, అంతా సిద్ధంగా.

చప్పట్లు మొదలవగానే దిగే డ్రమ్మరు చేసే మొదటి పని స్నేర్‌నీ పెడల్‌నీ తీసుకుని ఒక పక్క నుంచి దిగిపోవడం. ఆయన దిగుతుండగా మీరు రెండో పక్క నుంచి మీ పెడల్, స్నేర్‌తో ఎక్కండి. ముందు పెడల్ బిగించండి, ఎందుకంటే కిక్ కదలదు కాబట్టి మిగతావన్నీ దాన్ని బట్టే కుదురుతాయి. తర్వాత స్టూలు ఎత్తు, ఆ తర్వాత స్నేర్. ఈలోగా ఆయన తిరిగి వచ్చి తన సింబల్స్ విప్పుకుంటాడు. విప్పిన ఫెల్టులు, నట్లు మళ్ళీ అదే స్టాండుకి తొడగాలి, జేబులో వేసుకోకూడదు. ఇది గ్రూపులో ముందే రాసి పెట్టుకోవాల్సిన రూలు. ఆయన ఖాళీ చేసిన స్టాండుకి మీ సింబల్ ఎక్కిస్తూ వెళ్ళండి. ఇద్దరికీ అలవాటుంటే ఐదారు నిమిషాల్లో అయిపోతుంది, మిగతా సమయం లైన్ చెక్‌కి ఉంటుంది.

కబుర్లు, కౌగిలింతలు, "ఏం వాయించావు మామా" లాంటివి స్టేజీ కింద. సంచుల్లోకి సర్దడం కూడా కిందే. సింబల్‌ని స్టేజీ మీద తుడిచి, గుడ్డలో చుట్టి, జిప్పు వేసే డ్రమ్మర్లని చూశాను. సింబల్ మీద ప్రేమ మంచిదే, స్టేజీ దిగాక చూపించుకోవచ్చు.

రైజర్ మీద ఇద్దరికి మించి ఉండొద్దు. సాయం చేస్తామని వచ్చిన స్నేహితులు మైకు కేబుళ్ళ మీద కాళ్ళేస్తారు. మైకు స్టాండు అడ్డొస్తే మీరు జరపకండి, సౌండ్ వాళ్ళని పిలవండి. చానెల్ మ్యూట్ చేయకుండా మైకు తగిలిస్తే ఆ చప్పుడు స్పీకర్ల దాకా వెళ్తుంది. యాంకర్ మాట్లాడుతుంటే డ్రమ్ముల మీద చేయి పెట్టొద్దు. వేళ్ళకి వేడి కావాలంటే తొడ మీద కొట్టుకోండి.

లైన్ చెక్ అంటే కిక్ నాలుగు దెబ్బలు, స్నేర్ నాలుగు, హ్యాట్, టామ్‌లు ఒక్కోటీ. సౌండ్ అన్న బొటనవేలు ఎత్తాడా, అంతే. మనకు వినిపించడానికి పెట్టిన స్పీకరు, మానిటర్‌లో ఏది తక్కువుందో మొదటి పాట తర్వాత చెప్పుకోవచ్చు.

ప్యాడ్స్, డప్పు ఉంటే

మన ఆర్కెస్ట్రాల్లో ఆక్టాప్యాడ్ అనే ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ లేని స్టేజీ తక్కువ. డ్రమ్ సెట్టు పక్కనే ప్యాడ్స్ వాయించే ఆయన కూడా ఉంటే ఆయనకు కావాల్సినవి వేరు: అడాప్టరుకి కరెంటు పాయింటు, స్టీరియో కావాలంటే రెండు లైన్లు, వాటిని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్సులు. జనరేటర్ మీద నడిచే ప్రోగ్రాముల్లో సాకెట్ ఎప్పుడూ స్టేజీకి అవతలి మూలే ఉంటుంది. స్పైక్ బస్టరొకటి మీరే తెచ్చుకోండి. మీరు చెవిలో తాళం చెప్పే క్లిక్ విని వాయించేవాళ్ళయితే ఆ సంగతీ సౌండ్ వాళ్ళకి ముందే చెప్పండి, అప్పటికప్పుడు హెడ్‌ఫోన్‌కి లైను దొరకదు.

డప్పు బృందంతో స్టేజీ పంచుకుంటే ఒక్క విషయం గుర్తుంచుకోండి. డప్పు తోలు నిజంగా తోలే, మంట దగ్గర కాచితేనే బిగుస్తుంది. వాళ్ళు స్టేజీ వెనక దూరంగా కాచుకుని వచ్చి, వెంటనే ఎక్కాలి. మన సింబల్స్ సర్దుకోవడం కోసం వాళ్ళని పక్కన నిలబెడితే ఆ వేడి చల్లారిపోతుంది, వానాకాలంలో మరీ త్వరగా. వాళ్ళ వంతు మీ తర్వాతే అయితే మార్పు మొత్తం పక్కన పెట్టేయండి. డ్రమ్ సెట్టు ఉన్నచోటే ఉంటుంది, మీరు మైకులకి దారి వదిలి దిగిపోండి, సామాను తర్వాత తీసుకోవచ్చు.

వాయిస్తున్నప్పుడు ఏదైనా తెగితే

స్నేర్ హెడ్డు చిరగడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది. పాట మధ్యలో మార్చలేరు. అందుకే నలుగురిలో ఒకరి స్నేర్‌ని అందరికీ స్పేర్‌గా స్టేజీ పక్కన ఉంచుతామని ముందే అనుకోండి. చిరిగిన క్షణాన చేయి ఎత్తి చూపిస్తే పక్కనున్నవాళ్ళు అందించాలి. కిక్ హెడ్డు చిరిగితే స్పేర్ ఉండదు. పాట అయ్యాక గాఫర్ టేపు అడ్డంగా, నిలువుగా నాలుగైదు పొరలు వేసి, బీటర్ తగిలే చోటు కప్పేయండి. ఆ రాత్రికి గడుస్తుంది.

ఎవరికైనా సింబల్ అరువివ్వాల్సి వస్తే ఇవ్వండి, కానీ మీ చేత్తో మీరే బిగించండి. మధ్యలో ప్లాస్టిక్ గొట్టం లేకపోతే ఇనుప రాడ్డు సింబల్ కన్నాన్ని కోసుకుంటూ పోతుంది. నట్టు బిగించేస్తే సింబల్ ఊగలేదు, దెబ్బ తాలూకు బలమంతా అంచు మీద పడి అక్కడే చీలుతుంది. వేలితో తోస్తే ఊగేంత వదులుగా ఉండాలి.

కూల్ డ్రింకు గ్లాసు ఫ్లోర్ టామ్ మీద పెట్టడం గురించి రాయాల్సి రావడమే సిగ్గు. నీళ్ళ సీసా మూత బిగించి నేల మీద పెట్టుకోండి.

అయిపోయాక

మీ వంతు అయ్యాక వెళ్ళిపోవాలనిపిస్తుంది, ముఖ్యంగా మొదట వాయించినవాళ్ళకి. రేపు ఆఫీసు ఉంటుంది. వెళ్ళాల్సి వస్తే సెట్టు యజమానికి చెప్పి వెళ్ళండి, మీ తరఫున ఒక చేయి సాయానికి ఎవరినైనా ఉంచండి. ఉండగలిగితే ఉండిపోండి. రాత్రి పదిన్నరకి ట్రాలీ ఆటో డ్రైవరు హారన్ కొడుతుంటే, ఆయన ఒక్కడే కిక్ మోసుకుంటూ మెట్లు దిగడం బాగోదు. విప్పేటప్పుడు మాత్రం ఆయన చెప్పిన వరసలో విప్పండి. స్టాండ్లు ఏ సంచిలో, ఎటు తలపెట్టి పడుకోవాలో ఆయనకే తెలుసు.

టేపు గుర్తులు పీకేయండి, కార్పెట్ మీద మిగిలితే జిగురు పడుతుంది. టార్చి వేసి రైజర్ కింద, కార్పెట్ మడతల్లో ఒకసారి వెతకండి. మర్నాడు పొద్దున సంచి విప్పి, మీది కాని నట్టో ఫెల్టో కనిపిస్తే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి: "ఇది ఎవరిది?" అదే గ్రూపులో మీ డ్రమ్ కీ కూడా అడగండి. రెండోది ఎవరి దగ్గరో ఉంటుంది.